తాళంచెవి ఎవరి చేతిలో ఉండాలి?



ఏప్రిల్ 28 పనిచేస్తూ ప్రాణాలు కోల్పోయిన కార్మికుల స్మృతి దినం. అమెరికాలో వృత్తి భద్రతా చట్టం 1971లో ఇదే తేదీన అమల్లోకి వచ్చింది. అక్కడి కార్మిక సంఘాలు ఆ తేదీనే సంస్మరణకు ఎంచుకున్నాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2003 నుంచి దీన్ని పనిచోట భద్రత, ఆరోగ్యాల ప్రపంచ దినంగా పాటిస్తోంది. స్మారకోపన్యాసం సాధారణంగా ఒక మహనీయుని జీవితంతో మొదలవుతుంది. ఈ రోజు స్మరించుకుంటున్నవారి జీవితాలను ఎవరూ గ్రంథస్థం చేయలేదు. వారి పేర్లు జిల్లా పేజీలో ఒక్కరోజు అచ్చయ్యాయి. మరునాటికి ఆ చోటును వేరే వార్త ఆక్రమించింది.

2023 ఫిబ్రవరి 9. కాకినాడ జిల్లా పెద్దాపురం మండలం జి.రాగంపేటలో ఒక నూనె ఫ్యాక్టరీ. ట్యాంకు శుభ్రం చేయడానికి కార్మికులు ఒకరి తర్వాత ఒకరు లోపలికి దిగారు. ఏడుగురు ఊపిరాడక చనిపోయారు. వారిలో ఐదుగురు మన్యం నుంచి, పాడేరు ప్రాంతం నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవారు. అంతకు దాదాపు ఆరేళ్ల ముందు, 2017 మార్చి 30న, పశ్చిమగోదావరి జిల్లా మొగల్తూరు దగ్గర ఆక్వా ఉత్పత్తుల శుద్ధి కర్మాగారంలో ట్యాంకు శుభ్రం చేస్తూ ఐదుగురు విషవాయువుకు బలయ్యారు.

రెండు చోట్లా తయారయ్యేది మనుషులు తినే సరుకే. రెండు చోట్లా మృత్యువు వచ్చింది ఉత్పత్తి నడుస్తున్నప్పుడు కాదు, శుభ్రం చేస్తున్నప్పుడు. ఈ ఉపన్యాసానికి ఆధారం ఆ ఒక్క గమనికే. ఆహార పరిశ్రమలో యంత్రం నడిచే వేళకన్నా దాన్ని ఆపి, విప్పి, కడిగి, గ్రీజు పెట్టి, మళ్లీ బిగించే వేళే మనిషికి ఎక్కువ ప్రమాదకరం. ఆ వేళలో యంత్రాన్ని నడిపే అధికారం లోపల ఉన్న మనిషి చేతిలో లేకపోవడమే ఆ ప్రమాదానికి మూలం. రెండు శతాబ్దాల ఫ్యాక్టరీ చరిత్ర చెబుతున్నదీ ఇదే.

తెలుగు నేల మీద ఆహారాన్ని శుద్ధి చేసే పనిముట్లు నిన్న మొన్నటివరకూ మనిషి బలంతోనో పశువు బలంతోనో నడిచాయి. రోకలి ఎత్తిన చెయ్యి ఆగితే రోకలి ఆగుతుంది. తిరగలి పిడి వదిలితే రాయి నిలిచిపోతుంది. ఎద్దు కాడి విప్పితే గానుగలో బలం మిగలదు. ఆగింది అంటే నిజంగా ఆగిందనే అర్థం. అప్పుడూ గాయాలు లేకపోలేదు. చెరుకు గానుగ రోలర్ల మధ్య నలిగిన వేళ్ల గురించి పల్లెల్లో పెద్దవాళ్లకు తెలుసు. కానీ ఎద్దును ఆపే మనిషి, చేయి పెట్టే మనిషి ఒకరినొకరు చూసుకునేంత దగ్గరలో ఉండేవారు. ఒక్క కేక చాలు.

ఆవిరి యంత్రం ఆ దగ్గరతనాన్ని తెంచేసింది. బలం ఒక గదిలో పుట్టి, షాఫ్టులూ బెల్టుల మీదుగా మరో గదికి చేరింది. యంత్రం దగ్గర నిలబడ్డ మనిషికి ఆ బలాన్ని ఆపే వీలు లేకుండా పోయింది. ఇంగ్లండులోని నూలు మిల్లుల్లో పిల్లలు తిరుగుతున్న యంత్రాల కిందికి దూరి శుభ్రం చేసేవారు. 1844లో బ్రిటిష్ పార్లమెంటు తెచ్చిన ఫ్యాక్టరీ చట్టం యంత్రాలకు కంచె కట్టాలని నిర్దేశించింది. తిరుగుతున్న చక్రాలనూ షాఫ్టులనూ పిల్లల చేత శుభ్రం చేయించడాన్ని నిషేధించింది. శుభ్రం చేయడం కూడా ప్రమాదకరమైన పనేనని చట్టం గుర్తించిన తొలి సందర్భాల్లో ఇది ఒకటి.

భారతదేశంలో తొలి ఫ్యాక్టరీ చట్టం 1881లో వచ్చింది. వంద మందికి తగ్గని పెద్ద ఫ్యాక్టరీలకే అది పరిమితం. ఏడేళ్ల బిడ్డ పనిచేయడానికి దానిలో అభ్యంతరం లేదు. స్వతంత్ర భారతం 1948లో తెచ్చుకున్న ఫ్యాక్టరీల చట్టం ఎంతో ముందుకు వెళ్లింది. యంత్రాలకు కంచె ఉండాలని 21వ సెక్షన్ చెప్పింది. తిరుగుతున్న యంత్రాన్ని పరీక్షించాల్సి వస్తే ప్రత్యేక శిక్షణ పొంది, ఒంటిని అంటిపెట్టుకునే దుస్తులు వేసుకున్న వయోజన పురుషుడే ఆ పని చేయాలని, అతని పేరు రిజిస్టరులో నమోదై ఉండాలని 22వ సెక్షన్ చెప్పింది. బలాన్ని అందించే ప్రధాన యంత్రాలు నడుస్తుండగా వాటిని శుభ్రం చేయడం, నూనె పెట్టడం, సరిచేయడం స్త్రీల చేత, పిల్లల చేత చేయించకూడదని కూడా అదే సెక్షన్ నిర్దేశించింది. శుభ్రం, నూనె, సరిచేయడం. ఈ మూడు పనులు ఈ ఉపన్యాసంలో మళ్లీ మళ్లీ ఎదురవుతాయి.

ఆహార పరిశ్రమ చరిత్రలో మరో మలుపు 1906. అప్టన్ సింక్లేర్ నవల ‘ది జంగిల్’ ఆ ఏడాది పుస్తకంగా వచ్చింది. షికాగో మాంసం ఫ్యాక్టరీల్లో వలస కార్మికుల బతుకు ఎలా ఛిద్రమవుతోందో లోకానికి చూపాలని ఆయన ఆ నవల రాశారు. చదివినవారిని కలవరపెట్టింది మాత్రం కార్మికుడి చేయి కాదు, తమ పళ్లెంలోని మాంసం. కొన్ని నెలల్లోనే, జూన్ 30న, మాంసం తనిఖీ చట్టం, శుద్ధ ఆహార చట్టం రెండూ ఆమోదం పొందాయి. ఆ మాంసం కోసిన మనిషిని కాపాడే దేశవ్యాప్త చట్టం కోసం అమెరికా 1970 వరకు ఎదురుచూసింది. తినేవారి భద్రతకూ చేసేవారి భద్రతకూ మధ్య 64 ఏళ్ల దూరం.

భారతదేశంలో క్రమం వేరు. ఇక్కడ 1948లో ఫ్యాక్టరీల చట్టం ముందు వచ్చింది, 1954లో ఆహార కల్తీ నిరోధక చట్టం తర్వాత వచ్చింది. అయినా ఆచరణలో ఏది ముందు నడుస్తోందో ఈ సభలోని వారికి తెలియనిది కాదు. సరుకు ఎగుమతి కావాలంటే శుభ్రతకు సాక్ష్యం చూపాలి. 2011 నాటి ఆహార భద్రత లైసెన్సింగ్ నిబంధనల్లో నాలుగో షెడ్యూలు నేల, గోడ, పాత్ర, యంత్రం ఎంత శుభ్రంగా ఉండాలో వివరంగా చెబుతుంది. అది చెప్పవలసిందే. ఆ శుభ్రత పిల్లల ప్రాణాలు కాపాడుతుంది. దాన్ని తక్కువ చేసే మాట ఒక్కటీ ఈ ఉపన్యాసంలో ఉండదు.

కానీ ఆ శుభ్రతకు కొంత మూల్యం ఉంది. అది ఎవరు చెల్లిస్తున్నారో చూడాలి. సిమెంటు ఫ్యాక్టరీలో యంత్రాన్ని నెలకోసారో ఏడాదికోసారో విప్పుతారు. రొయ్యలు వొలిచే చోట, మాంసం కోసే చోట, పిండి కలిపే చోట, మామిడి గుజ్జు తీసే చోట రోజూ విప్పాలి. బ్లేడుకు కట్టిన కంచె తీయాలి. స్క్రూ కన్వేయర్ మూత ఎత్తాలి. మిక్సర్ గిన్నెలోకి వంగాలి. రోలర్ల సందులో ఇరుక్కున్న తొక్కను చేత్తో లాగాలి. ఈ పని ఎక్కువగా రాత్రి జరుగుతుంది. నేల తడిగా ఉంటుంది, చేతులు జారుతుంటాయి, తెల్లవారేసరికి లైను మళ్లీ నడవాలి. యంత్రానికి కంచె కట్టాలని ఒక చట్టం చెబితే, శుభ్రత కోసం ఆ కంచెను రోజూ తీయాల్సిన అవసరాన్ని మరో చట్టం కల్పిస్తోంది. ఆ రెంటి నడుమ ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

మెయిన్ స్విచ్ కట్టేస్తే చాలదా అని యువ ఇంజనీర్లు అడగవచ్చు. చాలదు. ఆధునిక యంత్రంలో కరెంటుతోపాటు మరెన్నో బలాలు దాగి ఉంటాయి. సిలిండరులో గాలి వొత్తిడి నిలిచి ఉంటుంది. హైడ్రాలిక్ గొట్టంలో నూనె బిగుసుకుని ఉంటుంది. పైపులో ఆవిరి, అమ్మోనియా, నత్రజని ఉంటాయి. స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది. రైస్ మిల్లు ఎలివేటరులో ఒకవైపు బకెట్లు బియ్యంతో నిండి, రెండోవైపు ఖాళీగా ఉంటే, బెల్టు సడలించిన క్షణంలో బరువు తనంతట తానే కిందికి దూసుకొస్తుంది. ఇరుక్కున్న ముక్కను లాగిన మరుక్షణం, అప్పటిదాకా అదిమిపెట్టి ఉన్న బలం అర చుట్టు తిరుగుతుంది. వేలు పోవడానికి ఆ అర చుట్టు చాలు. పైగా కంప్యూటరుతో నడిచే లైనులో యంత్రం తన నిర్ణయంతో ఆగదు, తన నిర్ణయంతో కదలదు. సెన్సారుకు సరుకు కనబడకపోతే ఆగుతుంది, కనబడితే కదులుతుంది. లోపల ఉన్నది సరుకో చెయ్యో దానికి తెలియదు.

వీటన్నిటికన్నా పెద్ద బలం మరొకటి ఉంది. అది ప్యానెల్ దగ్గర నిలబడ్డ ఇంకో మనిషి వేలు.

2012 అక్టోబరు 11న కాలిఫోర్నియాలోని శాంటా ఫే స్ప్రింగ్స్‌లో, బంబుల్ బీ కంపెనీ చేపల డబ్బాల ఫ్యాక్టరీలో ఒక కార్మికుడు 35 అడుగుల పొడవైన ఓవెన్ లోపలికి మరమ్మతు పని మీద వెళ్లాడు. వయసు 62. తోటివారు అతను మరుగుదొడ్డికి వెళ్లాడనుకున్నారు. ఆరు టన్నులకు కొంచెం తక్కువ చేపల డబ్బాలు లోపలికి నెట్టారు. తలుపు మూసి వేడి పెట్టారు. అతని కోసం మైకులో పిలిచారు, వాహనాలు నిలిపే చోట వెతికారు. రెండు గంటల తర్వాత ఓవెన్ తెరిచాకే అతను కనిపించాడు. మీట నొక్కినవారు దుర్మార్గులు కారు. రోజూ చేసే పనే చేశారు. లోపల మనిషి ఉన్నాడని చెప్పే ఏర్పాటు ఆ తలుపుకు లేదు, అంతే. 2015లో కంపెనీ 60 లక్షల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకుంది. అందులో సగం, మనిషి లోపలికి వెళ్లాల్సిన అవసరం లేని కొత్త ఓవెన్లు పెట్టడానికి. ఒక మరణం తర్వాత కొనగలిగిన యంత్రాన్ని మరణానికి ముందే కొనగలిగి ఉండేవారన్న సత్యం ఆ ఒప్పందంలోనే రాసి ఉంది.

2021 జనవరి 28న జార్జియా రాష్ట్రం గెయిన్స్‌విల్‌లో కోడిమాంసం గడ్డకట్టించే ఫ్యాక్టరీలో ద్రవ నత్రజని పొంగి పొర్లింది. అది ఎంత మట్టానికి ఉందో కొలిచే సన్నని గొట్టం వంగిపోవడం కారణమని అమెరికా రసాయన భద్రతా సంస్థ తేల్చింది. ఫ్రీజరు ఎందుకు పనిచేయడం లేదో చూస్తున్న ఇద్దరు మెయింటెనెన్స్ కార్మికులు ముందు పడిపోయారు. వారికి ఏమైందో చూడటానికి, కాపాడటానికి మరికొందరు అటు పరుగెత్తారు. మొత్తం ఆరుగురు మరణించారు. జి.రాగంపేట ట్యాంకులోకి ఒకరి వెనుక ఒకరు దిగిన ఏడుగురికీ, గెయిన్స్‌విల్ ఆరుగురికీ భాష వేరు, దేశం వేరు. తోటి మనిషి పడిపోతే ఆగి ఆలోచించకుండా చెయ్యి చాచే గుణం ఒక్కటే. ఆ గుణాన్ని తప్పుపట్టకూడదు. ఆ గుణం మృత్యువుకు దారి కాకుండా చూడాల్సింది యాజమాన్యం ఏర్పాటే.

1844 చట్టం పిల్లలను కదిలే యంత్రం శుభ్రం చేయకుండా ఆపింది. 2023 జూలైలో, అంటే 179 ఏళ్ల తర్వాత, మిసిసిపీ రాష్ట్రం హాటీస్‌బర్గ్‌లోని కోడిమాంసం ఫ్యాక్టరీలో ఎముకలు తీసే యంత్రాన్ని శుభ్రం చేస్తూ 16 ఏళ్ల వలస బాలుడు అందులోకి లాక్కుపోబడి మరణించాడు. అదే ఏడాది ఫిబ్రవరిలో, మాంసం ఫ్యాక్టరీలను రాత్రిపూట కడిగే కాంట్రాక్టు తీసుకున్న ఒక పెద్ద కంపెనీ, 13 నుంచి 17 ఏళ్ల మధ్య వయసున్న 102 మంది పిల్లలను ఎనిమిది రాష్ట్రాల్లో పనిలో పెట్టుకున్నందుకు 15 లక్షల డాలర్ల జరిమానా కట్టింది. చట్టం పుస్తకంలో ముందుకు నడిచింది. పని మాత్రం చట్టం చూపు పడని చోటికి, రాత్రి షిఫ్టుకు, కాంట్రాక్టరు చేతికి, ఊరు కాని ఊరి నుంచి వచ్చిన పిల్లల చేతికి జారిపోయింది.

దక్షిణ కొరియాలో ఈ విషయం దేశ రాజకీయాల దాకా వెళ్లింది. 2022 అక్టోబరు 15న ప్యాంగ్‌టేక్‌లో ఎస్‌పీసీ గ్రూపు బేకరీ ఫ్యాక్టరీలో 23 ఏళ్ల యువతి సాస్ కలిపే మిక్సర్‌లో చిక్కుకుని చనిపోయింది. మూత తెరిస్తే తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు ఆ యంత్రానికి లేదు. మరునాడే ఆ పక్క యంత్రాలు నడిచాయని తెలిసి, వేలాది మంది ఆ కంపెనీ రొట్టెలు కొనడం మానేశారు. అదే గ్రూపులో 2023లో సంగ్నం ఫ్యాక్టరీలో మరో మరణం సంభవించింది. 2025 మే 19న షిహంగ్‌లో, రొట్టెలు చల్లబరిచే కన్వేయర్‌కు నూనె పెడుతూ యాభైల్లో ఉన్న ఒక మహిళ అందులో చిక్కుకుని మరణించింది. 1948లో భారత చట్టం పేర్కొన్న మూడు పనుల్లో నూనె పెట్టడం ఒకటి. రెండు నెలల తర్వాత ఆ దేశాధ్యక్షుడు స్వయంగా ఆ ఫ్యాక్టరీకి వెళ్లి, రాత్రి షిఫ్టు ఎన్ని గంటలని ప్రశ్నించారు. రాత్రి పనిని ఎనిమిది గంటలకు కుదిస్తామని కంపెనీ ప్రకటించింది.

ఇలాంటి ప్రతి మరణం తర్వాతా ఒక మాట వినిపిస్తుంది: కార్మికుడి నిర్లక్ష్యం. స్విచ్ కట్టకుండా చెయ్యి ఎందుకు పెట్టాడు? ఆ ప్రశ్న పూర్తిగా అడగాలి. యంత్రం ఆపితే ఎన్ని నిమిషాలు పోతాయి? ఆ నిమిషాలకు లెక్క ఎవరికి చెప్పాలి? మామిడి సీజన్లో లారీలు గేటు బయట వరుస కట్టి, పండు మెత్తబడుతుంటే, లైను ఆపమని అడిగే ధైర్యం రోజుకూలీ హెల్పరుకు ఉందా? వందసార్లు చెయ్యి పెట్టి తీసినప్పుడు మెచ్చుకున్నవారే నూటొకటోసారి నిర్లక్ష్యం అంటారు. యూరోపియన్ వృత్తి భద్రతా సంస్థ 2010-11లో మెయింటెనెన్స్ భద్రత మీదనే ప్రచారం నడిపింది. యూరపులో ప్రాణాంతక ప్రమాదాల్లో 10 నుంచి 15 శాతం మెయింటెనెన్స్ పనులకు సంబంధించినవేనని అప్పుడు అంచనా వేసింది. ఇన్ని దేశాల్లో, ఇన్ని భాషల్లో ఒకే చోట ఒకే తప్పు జరుగుతుంటే అది మనిషి స్వభావంలోని తప్పు కాదు, పని అమరికలోని తప్పు.

దీనికి విరుగుడు ఎప్పుడో దొరికింది. అమెరికా వృత్తి భద్రతా సంస్థ 1989లో ఒక నిబంధన ప్రకటించి, 1990 జనవరి నుంచి అమల్లోకి తెచ్చింది. యంత్రాన్ని ఆపాలి. దానికి బలం వచ్చే ప్రతి దారినీ మూయాలి. మూసిన చోట తాళం వేయాలి. లోపల మిగిలిన గాలినీ ఆవిరినీ వొత్తిడినీ వదిలేయాలి. ఆ తర్వాత స్టార్ట్ బటన్ నొక్కి, కదలడం లేదని కళ్లారా చూడాలి. అప్పుడే చెయ్యి పెట్టాలి. తాళం మీద ఆ మనిషి పేరు ఉంటుంది. తాళంచెవి అతని జేబులో ఉంటుంది. ఐదుగురు పనిచేస్తే ఐదు తాళాలు. చివరి మనిషి బయటికి వచ్చి చివరి తాళం తీసేదాకా ఎంత పెద్ద మేనేజరైనా ఆ యంత్రాన్ని నడపలేడు. ఈ పద్ధతి ఏటా 120 మరణాలను, 50 వేల గాయాలను నివారించగలదని ఆ సంస్థ అంచనా. అయినా అక్కడ ఏటా ఎక్కువగా ఉల్లంఘనకు గురయ్యే పది భద్రతా నిబంధనల్లో ఇదీ ఒకటి. నిబంధన ఉండటం వేరు, తాళం ఉండటం వేరు.

ఈ పద్ధతిని పరిశ్రమలో లాకౌట్ అంటారు. తెలుగు కార్మికుడికి ఆ మాట మరో అర్థంలో తెలుసు. యాజమాన్యం గేటుకు తాళం వేసి, వందల కుటుంబాల పొయ్యి ఆర్పేసిన రోజును అతడు లాకౌట్ అంటాడు. జూట్ మిల్లుల్లో, చక్కెర ఫ్యాక్టరీల్లో ఆ మాట తెచ్చిన కన్నీరు ఈ నేలకు కొత్త కాదు. ఇంతకాలం యజమాని చేతిలోనే ఉన్న తాళాన్ని, యంత్రం ముందు వంగిన కొద్దిసేపైనా, కార్మికుడి చేతికి ఇవ్వమని ఈ రెండో లాకౌట్ అడుగుతోంది.

భారత చట్టంలో దీనికి ఆధారం ఎప్పుడో ఏర్పడింది. ఫ్యాక్టరీల చట్టం 24వ సెక్షన్‌కు 1976లో ఒక సవరణ చేరింది. పొరపాటున ఆఫ్ నుంచి ఆన్‌కు జారిపోయే వీలున్న స్విచ్‌ను సురక్షిత స్థితిలో తాళం వేసి ఉంచే ఏర్పాటు ఉండాలని అది చెప్పింది. అమెరికా నిబంధనకన్నా 13 ఏళ్ల ముందే తాళం అన్న మాట మన చట్టంలోకి వచ్చింది. కానీ తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో ఆ వాక్యం చెప్పలేదు. స్విచ్ తనంతట తాను జారడాన్ని ఊహించింది కానీ, తెలియక నొక్కే మరో మనిషిని ఊహించలేదు. 36వ సెక్షన్ విషవాయువు ఉన్న ట్యాంకుల్లోకి మనిషి దిగే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలను చెప్పింది. అయినా మొగల్తూరు తర్వాత జి.రాగంపేట జరిగింది. ఇక ఫ్యాక్టరీల చట్టం స్థానంలో వచ్చిన 2020 వృత్తి భద్రతా కోడ్, కరెంటుతో నడిచే ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి కావలసిన కార్మికుల సంఖ్యను 10 నుంచి 20కి పెంచింది. అది 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. పిండి మిల్లులు, నూనె మిల్లులు, మసాలా యూనిట్లు, చిన్న బేకరీల్లో పది, ఇరవై మంది మధ్య కార్మికులతో నడిచేవి ఉన్నాయి. అక్కడి మిక్సర్ బ్లేడు కార్మికులను లెక్కపెట్టి తిరగదు.

చేయి పోయాక ఏమవుతుందో చెప్పే చట్టం మాత్రం 1923లోనే వచ్చింది. ఆ నష్టపరిహార చట్టం మొదటి షెడ్యూలులో ప్రతి అవయవానికీ ఒక శాతం రాశారు. బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం. చూపుడువేలికి 14. ఉంగరపు వేలికైనా చిటికెన వేలికైనా 7. ఆ పట్టికను ఫ్యాక్టరీ యజమానులు, ఇంజనీర్లు ఒక్కసారి తీరిగ్గా చదవాలి. పోయిన వేలికి వందేళ్లుగా లెక్క ఉంది. ఆ వేలిని నిలబెట్టే తాళానికి ఎన్ని ఫ్యాక్టరీల ఖాతాల్లో పద్దు ఉంది?

2022 జూన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ సురక్షితమైన పనిచోటును కార్మికుడి మౌలిక హక్కుల్లో చేర్చింది. హక్కు జెనీవాలో పుట్టినా, దాన్ని నిలబెట్టాల్సింది భీమవరంలోని రొయ్యల ప్లాంటులో, మిర్యాలగూడ రైస్ మిల్లులో, పెద్దాపురం నూనె ట్యాంకు అంచున.

ఇంకొన్ని రోజుల్లో మే నెల వస్తుంది. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు సీజనుకు సిద్ధమవుతాయి. ఏడాదంతా ఆగి ఉన్న యంత్రాలను విప్పుతారు, కడుగుతారు, గ్రీజు పెడతారు, ట్యాంకుల్లోకి దిగుతారు. యజమానులకు ఈ సభ విన్నపం ఒక్కటే: ఆ పని మొదలుకాకముందే ప్రతి ఫిట్టరుకు, ప్రతి ఎలక్ట్రీషియనుకు, కాంట్రాక్టరు పంపిన ప్రతి హెల్పరుకు అతని పేరు రాసిన ఒక తాళం ఇవ్వండి. దాని ఖరీదు కొన్ని వందల రూపాయలు. ట్యాంకులోకి దిగే ముందు గాలి పరీక్షించి, పైన కాపలాకు ఒక మనిషిని నిలపండి. ఇన్‌స్పెక్టర్లు పగలు రిజిస్టరు చూసి వెళ్లకుండా, రాత్రి కడిగే వేళ ఒక్కసారి రండి. కార్మిక సంఘాలు జీతం, బోనసులతోపాటు ఈ తాళాన్నీ డిమాండ్ల పత్రంలో రాయండి. సోదరులారా, సోదరీమణులారా, తాళంచెవి మీ జేబులో పడేదాకా యంత్రంలో చెయ్యి పెట్టకండి.